పంపకంలో లేని పేరు



పునీత బెర్నార్డుగారు 1090లో ఫ్రాన్సు దేశంలో, దిజోన్ పట్టణం దగ్గర ఫోంతేన్ కోటలో, ఒక ప్రభువు ఇంట జన్మించారు. ఆ ఇంట ఆరుగురు కొడుకులు, ఒక్క కూతురు. సుమారు 1113లో బెర్నార్డు ముప్పైమంది బంధుమిత్రులతో సిత్తో మఠంలో చేరారు. ఇల్లు విడిచిన వారిలో ఆయన సోదరులూ ఉన్నారు. ఇంట మిగిలిన చివరివాడు నివార్డు చిన్నపిల్లవాడు. వీధిలో ఆడుకొంటున్న ఆ తమ్మునితో పెద్దన్న, ఇక మన భూములన్నీ నీ ఒక్కనివే అన్నాడట. మీరు పరలోకం తీసుకొని నాకు భూలోకం వదులుతారా, ఇదేమి సమానమైన పంపకం అని ఆ బాలుడు ఎదురడిగాడట. కొన్నేళ్ళకు అతడూ అన్నల బాటే పట్టాడు. ముసలితనంలో తండ్రి కూడా కొడుకుల మఠానికే వచ్చి చేరాడు.

ఈ కథను మన ప్రసంగాలలో త్యాగానికి ఉదాహరణగా చెబుతాము. అయితే ఆ పంపకంలో ఒక పేరు వినబడదు. ఆ ఇంటి ఆడబిడ్డ ఉంబెలీన్ పేరు. ఆమె ఒక ప్రభువును పెండ్లాడి, తరువాత భర్త అనుమతితో తానూ మఠంలో చేరిన పుణ్యాత్మురాలు. అన్న అన్నీ నీవే అన్నది తమ్మునితోనే. అది ఆ కాలపు పద్ధతి. మరి మన కాలపు పద్ధతి ఏమిటి?

బెర్నార్డుగారి దేశం నుండే 1700వ సంవత్సరం దాటిన తొలినాళ్ళలో యేసు సభ గురువులు మన పుంగనూరుకు వచ్చి సువార్త చెప్పారు. ఆ విశ్వాసమే మనకు తరతరాల ఆస్తి. జ్ఞానస్నానపు తొట్టి దగ్గర ఆడబిడ్డకు తక్కువ, మగబిడ్డకు ఎక్కువ అని ఎవరూ అనలేదు. కాని మదనపల్లెలో టమాటా పండే మడి దగ్గరకో, కుప్పంలో మల్బరీ తోట దగ్గరకో వచ్చేసరికి లెక్క మారిపోతుంది. తండ్రి ఆత్మశాంతికి పూజ చెప్పించిన వారంలోనే కూతురిని రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకుపోతాము. హక్కు వదులుకొన్నట్టు సంతకం పెట్టించి, ఒక పట్టుచీర చేతిలో పెడతాము.

మన క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ఏమంటున్నది? వీలునామా వ్రాయకుండా తండ్రి చనిపోతే మూడింట ఒక వంతు భార్యకు, మిగిలినది బిడ్డలందరికీ సమానంగా చెందాలి. కొడుకు, కూతురు అనే భేదం లేదు.

'కట్నం ఇచ్చాము గదా' అంటారు. 1961 నుండి చట్టం నిషేధించిన కట్నాన్ని లెక్కలో చూపి, చట్టం ఇచ్చిన వాటాను కొట్టివేయడం ఏ న్యాయం? 'ముసలి తల్లిదండ్రులను చూసుకొన్నది, అప్పులు తీర్చినది నేనే' అని ఒక అన్న అంటాడు. అది న్యాయమైన మాటే. అయితే ఆ లెక్క అందరి ముందు చెప్పి తేల్చుకోవాలి. 'చెల్లెలు తానే వద్దన్నది' అని మరొకరంటారు. ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి.

తనది అయినదానినే ఎవరైనా త్యాగం చేయగలరు. బెర్నార్డు సోదరులు తమ చేతిలో ఉన్నదానిని వదిలారు గనుక అది త్యాగమయింది. చేతికి ఇవ్వకముందే వదలమనడం త్యాగం నేర్పడం కాదు, తీసుకోవడమే. ఎవరికి చెందినది వారికి ఇవ్వాలనే స్థిరమైన మనస్సే న్యాయమని పునీత తోమాసు అక్వినాసుగారు బోధించారు. ప్రేమ ఆ న్యాయాన్ని దాటి ముందుకు పోవచ్చు గాని, దానిని తొక్కి పోరాదు.

ఆమె మాట నిజమో కాదో తెలుసుకోవడానికి మిమ్మల్ని మీరే ఒక ప్రశ్న వేసుకోండి. ఆమె 'నా భాగం నాకు కావాలి' అన్నా, వచ్చే క్రిస్మసుకు ఆమెను ఇంతే ప్రేమతో ఇంటికి పిలుస్తారా? పిలుస్తామని గుండెమీద చేయి వేసుకొని చెప్పగలిగితే ఆమె 'వద్దు' నిజమైన వద్దు. అది ఆమె ఇచ్చిన కానుక. పుట్టింటి గడప దూరమవుతుందనే భయంతో పెట్టిన సంతకం కాగితం మీద చెల్లుతుందేమో గాని, దేవుని ముందు చెల్లదు.

అన్నతో ఆస్తి పంచిపెట్టించమని ఒకడు అడిగితే, పంపకాలు చేసే పని నాది కాదన్న ప్రభువు, పేరాశ విషయంలో జాగ్రత్త అని హెచ్చరించారు (లూకా 12:13-15). ఆ వాక్యం చూపి అడిగిన చెల్లెలి నోరు మూయించే వారున్నారు. ఆ హెచ్చరిక అడిగేవారికేనా? పట్టుకొని కూర్చున్నవారికి కాదా? సెలోఫెహాదు కుమార్తెలు, అన్నదమ్ములు లేని ఐదుగురు, మోషే ముందు నిలబడి తండ్రి భాగం అడిగారు. వారి మాట న్యాయమైనదని దేవుడే అన్నాడు (సంఖ్యా 27:1-7). అడగడం పాపమైతే దేవుడు అలా అనేవాడు కాదు.

తల్లిదండ్రులారా, మీరు బ్రతికి ఉండగానే బిడ్డలందరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడండి. అన్నదమ్ములారా, కాగితం ముందుకు జరిపేముందు ఆమె వాటా ఎంతో ఆమెకు చెప్పండి. చెప్పిన తరువాత ఆమె ఏమి చేసినా, అది ఆమె చేసినదే అవుతుంది.