సత్రయాగమున పదునెనిమిదవవాడు

పేరు ప్రక్కన కుండలీకరణములో ఒక అక్షరము చేర్చిననే గాని తాను ఏ ఆత్మకూరో చెప్పుకొనజాలని ఊరు మా ఆత్మకూరు. నెల్లూరు సీమలో ఒకటి, నంద్యాల జిల్లాలో ఒకటి, వనపర్తి వైపున ఒకటి, యాదాద్రి భువనగిరి జిల్లాలో ‘ఎం’ అను అక్షరమును మోయుచున్నది మరియొకటి. వాని నడుమ సూర్యాపేటను తలపించు ‘ఎస్’ అను అక్షరముతో ఇది నిలిచియున్నది. ఆత్మ యను మాటను పేరునందే ధరించిన ఊరివానికి ఆత్మవిచారము సహజమని నేననను గాని, ఈ వ్యాసమున నేనెత్తుకొన్న ప్రశ్న నాకు మొదట తోచినది మాత్రము ఆ ప్రాంతపు రామాలయ మంటపముననే, ఒక ఏకాహభజన నాటి రాత్రి.

ఏకాహమనగా ఒక సూర్యోదయము మొదలు మరుసటి సూర్యోదయము వరకు నామము తెగకుండ సాగవలసిన భజన. ఊరి జట్టొక్కటియే ఆ భారమును మోయలేదు గనుక చుట్టుపట్ల పల్లెల జట్లను పిలుతురు; ఒక్కొక్క జట్టునకు ఒక్కొక్క వేళ. సందెవేళ పాడువారికి మంటపము నిండ జనము. తెల్లవారుజామున పాడువారికి హారతియు, ప్రసాదమును, వ్రతము పూర్తియైనదన్న సంతోషమును కలవు. ఈ రెండింటి నడుమ, అర్ధరాత్రి దాటిన పిమ్మట, ఒక జట్టు వచ్చును. వారు వచ్చునప్పటికి పిల్లలు తల్లుల ఒడులలోను, పెద్దలు స్తంభములకు చేరగిలియు నిద్రించుచుందురు. వారు మొదలుపెట్టినదియు లేదు, ముగింపగలదియు లేదు. పాడుచున్నవారి ప్రక్కన నిలిచి, అదే నామమును అదే శ్రుతిలో అందుకొందురు. తాళము కలిసినదని తెలిసిన తరువాతనే మొదటివారు గొంతు దించుదురు. ఆ సంధిలో ఒక్క క్షణము నామము తెగినను ఏకాహము చెడినట్లే. మా పెద్దనాయన చిరకాలము ఆ నడిజాము జట్టున తాళము వేసెను. “ఈ పుణ్యం ఎవరికి వస్తది పెద్దనాయనా?” అని చిన్నతనమున నేనడిగితిని. “ఏకాహం మొక్కుకున్నోళ్లకు వస్తది బిడ్డా” అని, తాళములను తుండుగుడ్డతో తుడుచుచు ఆయన చెప్పెను. “మరి నీకు?” అనునప్పటికి వారి వేళ వచ్చినది, ఆయన లేచి పోయెను.

చాల యేండ్లకు, అమెరికాలో హ్యూస్టన్ నగరమున ఉద్యోగము చేయుచున్న మా అబ్బాయి నన్నొక సాయంకాలము బేస్‌బాల్ ఆటకు తీసికొనిపోయెను. క్రికెట్టు నెరిగిన కన్నులకు ఆ ఆట కొంత పరిచితముగను, కొంత విపరీతముగను తోచును. 60 అడుగుల 6 అంగుళముల యెడమున నిలిచిన బ్యాటరుపైకి ఒక చిన్న మట్టిదిబ్బ మీదినుండి బంతిని విసరువాడు పిచ్చర్. తొమ్మిది ఇన్నింగ్సుల ఆటలో అతని చేయి అలసినను, పట్టు తప్పినను, జట్టు మేనేజరు నడిచివచ్చి చేయి చాచును. అతడు బంతిని ఆ చేతిలో నుంచి వెడలిపోవును. క్రికెట్టులో ఓవరు ముగించిన బౌలరు బౌండరీకడ కొంతసేపు నిలిచి మరల బంతి నందుకొనవచ్చును. ఇచ్చట వెడలినవాడు ఆనాటి ఆటలో మరల అడుగిడరాదు. అతని స్థానమునకు వచ్చువానిని రిలీఫ్ పిచ్చర్ అందురు.

మైదానపు అంచున బుల్‌పెన్ అను ఆవరణలో ఇట్టివారు ఏడెనమండుగురు వేచియుందురు. అచ్చటొక టెలిఫోను కలదు. అది మ్రోగినప్పుడు ఎవని పేరు వినబడునో వాడు లేచి, భుజము వేడెక్కువరకు బంతులు విసరును. అంతలో ఆట తీరు మారినచో మరల కూర్చుండును. ఒక్కొక్క రాత్రి రెండుమార్లు లేచి, రెండుమార్లు కూర్చుండి, దిబ్బనెక్కకయే ఇంటికి పోవును. ఆ విసరిన బంతులు ఏ లెక్కలోను చేరవు. ఆ ఆవరణను చూచుచున్నంతసేపును నాకు మా మంటపపు చీకటిమూలయు, అందు తాళములు ఒడిలో నుంచుకొని తమ వేళకై కూర్చుండిన నడిజాము జట్టును కన్నులకు కట్టినట్లుండెను.

ఈ వృత్తిలో నిలుకడ అరుదు. డొమినికన్ గణతంత్రమున పుట్టిన ఆక్టావియో డోటెల్ అను రిలీఫ్ పిచ్చర్ 1999 మొదలు 2013 వరకు పదునైదు సీజన్లలో పదుమూడు జట్లకు ఆడెను. 2010లో ఒక్క యేడే పిట్స్‌బర్గు, లాస్ ఏంజెలెస్, కొలరాడో జట్ల మూడింటి దుస్తులను తొడిగెను. 2011 నడుమ టొరంటోనుండి సెయింట్ లూయిస్ జట్టునకు మార్పిడియై పోగా, ఆ జట్టు ఆ యేడు వరల్డ్ సిరీస్ గెలిచినది. మూడునెలల ముందు తనది కాని జట్టు గెలుపులో అతని భాగమెంత? ఈ ప్రశ్నను ఆ దేశపు పత్రికలు అంకెలతో తేల్చుకొనును. నాకది అంకెలతో తేలునది కాదు.

ఆ డోటెలే హ్యూస్టన్ జట్టున నుండగా 2003 జూన్ 11న న్యూయార్కు నగరమున యాంకీస్ జట్టుపై ఒక విచిత్రమైన ఆట జరిగినది. మొదటి పిచ్చర్ రాయ్ ఓస్వాల్ట్ ఒక్క ఇన్నింగ్సు ముగించి, రెండవదానిలో నరము పట్టుకొని వెడలిపోయెను. తరువాత ఐదుగురు రిలీఫ్ పిచ్చర్లు ఒకరి వెనుక నొకరుగా వచ్చిరి. ఆరుగురును కలిసి ప్రత్యర్థికి ఒక్క హిట్టునైన నీయక ఆటను ముగించిరి. 45 సంవత్సరములుగా యాంకీస్ జట్టునకు అట్టి పరాభవము కలిగియుండలేదు. డోటెల్ తన ఒక్క ఇన్నింగ్సులో నలుగురను స్ట్రైకౌట్ చేసెను. అయినను ఆటనియమమున గెలుపన్నది ఒక్కని పేరనే వ్రాయవలెను. అది బ్రాడ్ లిడ్జ్ పేర వ్రాయబడినది. ఆరుగురు కూడి చేసిన కర్మకు ఫలభోక్త యెవడు?

ఈ ప్రశ్నను మన మీమాంసకులు ఎన్నడో యెదుర్కొనియున్నారు. సాధారణయాగమున ఋత్విజులు కర్మ చేయుదురు, దక్షిణ గైకొందురు; ఫలము యజమానునిది. జీతమునకు బంతి విసరువాడు ఈ లెక్కన ఋత్విజుడు, అంతవరకు చిక్కులేదు. చిక్కు సత్రయాగమున వచ్చును. సత్రమున కనీసము పదునేడుగురు కూడి దీక్ష వహింతురు. అందరును యజమానులే, అందరును ఋత్విజులే, దక్షిణ యనునది లేదు, ఫలము అందరిదియును. నడుమ ఒకడు మరణించినచో నేమి చేయవలెను? సంఖ్య తగ్గరాదు, ఆరంభించిన యాగము ఆగరాదు. కావున ఒక క్రొత్తవానిని తెచ్చి ఆ స్థానమున నిలుపవలెనని జైమిని తన సూత్రముల ఆరవ అధ్యాయమున నిర్ణయించెను. ఆ పదునెనిమిదవవానికి ఫలములో భాగము కలదా? లేదు. సంకల్పము అతనిది కాదు. అతడు కర్మ నడచుటకై వచ్చినవాడు మాత్రమే. అయినచో అతడు దీక్షానియమములు పాటింపవలెనా? పాటింపవలెను; తక్కినవారి వలెనే, ఒక్కటియును విడువక.

ఈ రెండు తీర్పులను ప్రక్కప్రక్కన నుంచి చూచినకొలది నాకు శాస్త్రకారునిపై గౌరవము పెరుగుచున్నది. ఫలము లేనివానికి నియమములేలయని అతడు సడలింపలేదు. నియమములు పాటించినాడు గదా యని జాలిపడి ఫలము నీయనులేదు. ఫలమునకును ధర్మమునకును ముడి యున్నదని మనము పుట్టినది మొదలు నమ్ముచుందుము. ఆ ముడి విడిపోయిన పిమ్మటను ధర్మము నిలుచునా యని పరీక్షింపవలెనన్న, లోకమున ఈ పదునెనిమిదవవాని కంటె తగిన స్థలము నాకు కనబడదు. మునులు ఫలమును త్యజింతురు. త్యజించుటకైనను వారికది ఉండవలెను గదా. ఇతనికి త్యజించుటకును ఏమియు లేదు.

బేస్‌బాల్ లెక్కలు వ్రాయువారు తెలిసియో తెలియకయో కర్మసిద్ధాంతపు ఒక సూక్ష్మమును పాటించుచున్నారు. చేసిన కర్మ నశింపరాదు, చేయని కర్మ మీద పడరాదని మన దర్శనములు కృతహానమును, అకృతాభ్యాగమమును దోషములుగా చెప్పినవి. రిలీఫ్ పిచ్చర్ వచ్చునప్పటికి వెడలినవాడు విడిచిన పరుగువారు బేసులపై నిలిచియుందురు. వారిలో నెవడైన పరుగు పూర్తిచేసినచో, బంతి విసరినది క్రొత్తవాడే యైనను, ఆ పరుగు పాతవాని ఖాతాననే పడును. న్యాయమే. కాని లెక్క అచ్చట తప్పినను తప్పకున్నను, మైదానమున నిలిచినవాని గుండె ఆ పరుగువారిని తనవారుగనే భావించుచుండును. తండ్రి అప్పునకు పత్రముపై తన చేవ్రాలు లేదని తెలిసియు తీర్చు కొడుకువలె, అతడు పరుల ప్రారబ్ధమును తన భుజముతో ఆపజూచును. ఆపినవానికి ‘సేవ్’ అను గౌరవమొకటి ఉండవలెనని షికాగో పత్రికారచయిత జెరోమ్ హోల్ట్‌జ్‌మన్ వాదించెను. 1969లో అది అధికారికముగ లెక్కకెక్కినది. అదియును ఆటను ముగించినవానికే గాని నడిజామున కాచినవానికి కాదు.

ఇచ్చట నేనొక మాట గట్టిగా చెప్పవలసియున్నది. ఫలాపేక్ష లేని కర్మ గొప్పదని కర్మ చేయువాడు తనకు తాను చెప్పుకొనవలెను. చేయించుకొనువాడు చెప్పిన యెడల అది మహాపాపము. మా సూర్యాపేట తాలూకా పల్లెలలో తరతరముల వారు దొరల పొలములలోను గడీలలోను వెట్టి చేసిరి. సేవయే ధర్మమని వారికి బోధించిన నోళ్లు తక్కువ కాదు. 1946 మొదలు 1951 వరకు ఈ నేల రక్తముతో తడిసినది ఆ బోధను తిరస్కరించుటకే. ఋత్విజునకు దక్షిణ నీయని యాగము చెడునని శాస్త్రమే చెప్పుచుండగా, వెట్టికి నిష్కామకర్మ యని పేరు పెట్టుట శాస్త్రమునకును ద్రోహమే. అమెరికాలో సైతము పెద్ద జట్లకు ఆటగాండ్రను తయారుచేయు మైనర్ లీగు జట్లలో చిరకాలము కడుపు నిండని జీతములే యుండెను. ఆటపై ప్రేమ చాలదా యని యజమానుల భావము. 2023లో ఆ ఆటగాండ్రు సంఘమై ఒప్పందము చేసికొనినప్పుడు, వారి పైశ్రేణికి సైతము 17,500 డాలర్లుగా నున్న వార్షిక వేతనము 35,800 అయినది. నేను చెప్పు పదునెనిమిదవవాని మహిమ అతనికి అన్నము పెట్టిన తరువాతి మాట.

మన భారతకథలో ఓటమి నిశ్చయమైన పదునెనిమిదవనాడు సేనాపత్యము వహించి, మధ్యాహ్నమునకే కూలిన శల్యునకు వ్యాసుడు ఒక పర్వమునే పేరుగా నిచ్చెను. అంతకంటె దగ్గరి ఉదాహరణము మన భాషలోనే కలదు. పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరమున నన్నయ అరణ్యపర్వపు నాల్గవ ఆశ్వాసమున ఆగిపోయెను. పదుమూడవ శతాబ్దమున తిక్కన విరాటపర్వము మొదలుకొని తుదివరకు రచించెను గాని, నడుమ తెగినచోటును ముట్టలేదు. మూడు శతాబ్దులకు చేరువైన కాలము భారతము నడుమ ఒక ఖాళీ యుండెను. అద్దంకి రెడ్డిరాజుల ఆస్థానమున నున్న ఎఱ్ఱన దానిని పూరించెను. తాను స్వతంత్రముగ హరివంశమును రచింపగలవాడు. దానిని తన ప్రభువైన ప్రోలయ వేమారెడ్డికి అంకితమిచ్చెను. కాని అరణ్యపర్వశేషమును మాత్రము ఎన్నడో గతించిన రాజరాజనరేంద్రునకే అంకితము చేసెను, ఆ పర్వము నన్నయ సంకల్పము గనుక. మొదట నన్నయ నడకను పట్టుకొని, పోను పోను తిక్కన నడకలోనికి జారి, చదువరికి అతుకు తెలియకుండ చేసెనని పెద్దలందురు. మా మంటపమున జట్లు మారునప్పుడు శ్రుతి కలుపుకొనుట యనగా ఇదియే. ఎఱ్ఱనకు ప్రబంధపరమేశ్వరుడను బిరుదు కలదు. నాకు మాత్రము ఆయన మరియొకరి దీక్షావస్త్రమును కట్టుకొని నిలిచిన ఆ పదునెనిమిదవవాడుగనే ఎక్కువ పూజ్యుడు.

మన క్రికెట్టునందును ఇట్టివారు లేకపోలేదు. రంజీ పోటీలలో 637 వికెట్లు తీసిన రాజీందర్ గోయల్ 1974లో బెంగళూరు టెస్టునకు పిలువబడియు ఆడు పదకొండుగురిలో చేరలేదు. భారతజట్టున ఒక్క టెస్టైనను ఆడకయే తనువు చాలించెను. మన ఎం. వి. నరసింహారావు నాలుగు టెస్టులతో తృప్తిపడి, 1986–87లో హైదరాబాదు జట్టునకు నాయకుడై రంజీ కప్పు గెలిపించి, పిదప ఉత్తర ఐర్లండునకు పోయి అచ్చటి పిల్లలకు ఆట నేర్పుచు స్థిరపడెను. గోయలుకు 2017లో లభించిన జీవనసాఫల్య పురస్కారము సి. కె. నాయుడు పేరిటిది, మచిలీపట్నపు మూలములుగల ఆ తెలుగు కుటుంబపు పేరు హర్యానా బౌలరు నింటికి చేరుట నాకేలనో సంతోషమును కలిగించినది.

హ్యూస్టన్ నుండి తిరిగివచ్చిన యేడు కార్తికమాసమున మా ప్రాంతపు ఏకాహమునకు పోయితిని. ఈమారు నడిజామువరకు మేలుకొనియుంటిని. ఆటోలో వచ్చిన జట్టున ఒకడు తక్కువ. వారి పెద్ద నలుదిక్కులు చూచి, మేలుకొనియున్నవాడను నేనొక్కడనే యగుటచే కాబోలు, నా కడకు వచ్చెను.

“తాళం వేయొస్తదా సారూ మీకు?”

వచ్చునంటిని. తాళములకై చేయి చాచితిని. అతడు వానిని వెంటనే నా చేతికీయలేదు. గుడి వెనుకనున్న బోరింగు వైపు చూపెను.

“తానం చేసి రాండి సారూ, నామం ముట్టాలె గద.”

కార్తికపు నడిరేయి నీరు ఎముకలను కొరికినది. తడిబట్టతో మంటపమునకు వచ్చునప్పటికి పాతజట్టువారు ఇంకను పాడుచునే యుండిరి. నేను చివరివాని ప్రక్కన నిలిచి, తాళము కలియువరకు కొట్టక, వినుచుంటిని.