ఆరావళి కొండలు – భయము, ధర్మము

ఢిల్లీకి దక్షిణమున తుగ్లకాబాదు దాటి ఫరీదాబాదు వైపు సాగినకొలది, హిమాలయములు పుట్టకమునుపే ఎండవానల కరిగిపోయిన ఆరావళి పర్వతముల చివరి శాఖలు ఎఱ్ఱని దుమ్మును, పగిలిన రాళ్ళను చూపుచు ఎదురగును. 1321లో గియాసుద్దీన్ తుగ్లక్ తన కోటను ఈ రాతితోనే కట్టించెను; మన కాలమున భట్టీ గనులనుండి బదర్‌పూరు ఇసుక రాజధాని మేడలకు తరలిపోగా, కొండలున్న చోట గోతులు మిగిలినవి.

ఆ గోతులకు ఎంతో దూరము లేని మంగర్ గ్రామమున, మన చిరుమానుకు దగ్గరి చుట్టములైన ధౌ చెట్లు మాత్రము ఒక లోయ నిండ దట్టముగా నిలిచియున్నవి. మంగర్ బనీ యని దానికి పేరు. అది గుదరియా దాస్ బాబా యను సాధువు నెలవనియు, అచట కొమ్మ విఱిచినవానికి కీడు తప్పదనియు నమ్మి, పశుపాలకులైన గుజ్జరులు తరతరములుగా ఆ వనమును కాపాడుచు వచ్చిరి.

కీడు మూడునను భయముచేత పాపము చేయకుండుట ధర్మమగునా? సుల్తాను ఫిరోజ్ షా తోప్రా గ్రామమునుండి తెప్పించి ఢిల్లీలో నిలిపిన స్తంభముపై, అశోకుడు తన ఏడవ శాసనమున, ధర్మవృద్ధికి నియమము, మననము అను మార్గములు రెండని చెప్పి, నియమము స్వల్పమనియు మననమే ఘనమనియు నిర్ణయించెను. ప్రాణిహింసను నిషేధించిన తన ఆజ్ఞలనే ఆయన నియమమునకు ఉదాహరణముగా చూపెను. తన శాసనబలమును తానే తక్కువచేసి చెప్పిన చక్రవర్తి మఱియొకడు నాకు కానరాడు.

అట్లని గుజ్జరుల వ్రతము తక్కువదని నేను తలంపను. రాజాజ్ఞకు జడిసినవాడు భటుడు లేని చోట గొడ్డలి యెత్తును. 2009లో సుప్రీంకోర్టు ఈ కొండలలో త్రవ్వకము నాపివేసిన పిమ్మటను దొంగచాటుగా రాయి తరలుట మానలేదు. బాబాకు జడిసినవాడో, ఒంటరిగా నున్నప్పుడును చేయి వెనుకకు తీసికొనును. తాత ముట్టని కొమ్మను చిన్ననాటినుండి చూచిన మనుమడు దానిని ప్రేమించుట నేర్చును. తిరుమల కొండ ఆదిశేషుని శరీరమని కాలు మోప వెఱచి, రామానుజులు మోకాళ్ళతో ఎక్కిరని సంప్రదాయము. ఆ వెఱపు భక్తికి తీసిపోవునని ఏ తెలుగువాడనును?

కాని మంగర్ ఉమ్మడి భూములు పంపకములై, బాబా పేరైన వినని నగరవాసుల చేతులలోనికి చాలవఱకు పోయినవి. వారికి ఆ భయము లేదు, ఆ ప్రేమ యింకను కలుగలేదు. అది కలుగునందాక వారి విషయమున, అశోకుడు స్వల్పమనిన నియమమునే మనము గట్టిగా పట్టుకొనక తప్పదు.