కొండ యెక్కిన దెవరు?

మా నివాసము సికింద్రాబాదు శివారున నున్న నేరేడ్‌మెట్. ఇచటికి సమీపముననే మౌలాలీ గుట్ట కలదు. అది నున్నని బండరాతి గుట్ట. శిఖరమున కుతుబ్‌షాహీల కాలమునుండి వచ్చుచున్న దర్గాయును, పాదమున 1824వ సంవత్సరమున గతించిన కవయిత్రి మహలఖా బాయి చందా సమాధియు నున్నవి. నాలుగువందలకు పైగా నున్న ఆ మెట్లను హిందువులును ముసల్మానులును కలసి యెక్కుట ఈ ప్రాంతమున తరతరముల వాడుక. మా పినతల్లిగారు పడుచుతనమున ఏటేట ఆ గుట్ట నెక్కినవారే. ఇప్పుడు వారికి డెబ్బదియేండ్లు దాటినవి. మోకాళ్లు పట్టినవి. వీధి చివర నిలిచి గుట్టవైపు తిరిగి నమస్కరించి యింటికి మరలుదురు.

నిరుడు తిరుమల యాత్ర ప్రస్తావన వచ్చినప్పుడు మా యింట నొక వివాదము పుట్టెను. అలిపిరినుండి బస్సులో పోవుదమని మా అన్నకుమారుడు పట్టుబట్టెను. నడచియే గాని కొండకు రానని పినతల్లిగారు భీష్మించిరి.

"బస్సెక్కి పోతే అది బస్సు పుణ్యమే గాని నా పుణ్యమెట్లయితదిరా?"

"పుణ్యము మోకాళ్లలో ఉంటదా, నాయనమ్మా?"

ఇద్దరును తీర్పు చెప్పుమని మావైపు చూచిరి. అప్పటికి మేమేమియు చెప్పలేకపోతిమి. విషయము చిన్నదిగా కనబడినను, దానిలో నొక ధర్మసందేహ మిమిడియున్నది. మన కాళ్లు శ్రమింపకుండ చేరిన శిఖరము మనది యగునా?

పినతల్లిగారి పక్షమున సత్యము లేకపోలేదు. అలిపిరినుండి తిరుమలకు మూడువేల అయిదువందల యేబది మెట్లని లెక్క. వాని నెక్కువాడు ప్రతి మలుపునను ఆగి ఊపిరి పీల్చుకొనుచు, తన శక్తి యెంతయో తానే కనుగొనును. తెలియనివాడు చేయి యందించును. తాను మరియొకనికి నీళ్లిచ్చును. కులమేదియని యడుగుట కప్పుడు తీరిక యుండదు. బస్సులో కూర్చున్నవాడు కునుకు తీసి, ఎవరో తట్టి లేపగా శిఖరమున దిగును. ఎంత యెత్తున కెక్కెనో వాని దేహమునకు తెలియనే తెలియదు.

అన్నకుమారుని పక్షమున దయ యున్నది. మెట్లదారి ఆరోగ్యవంతులకు సులభము. కుంటివారు, హృద్రోగులు, చంటిబిడ్డల తల్లులు, ఒక్కదినము సెలవుమీద వచ్చిన కూలివారు ఏమి కావలెను? శిఖరము బలవంతుల సొత్తని యే శాస్త్రము చెప్పినది?

ఈ రెండు వాదములను కొన్నిదినములు త్రాసున వేసి చూచితిమి. చూడగా, ఇద్దరును మరచిన వాడొకడు మాకు జ్ఞప్తికి వచ్చెను. వాడు డోలీ మోయు బోయీ.

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ప్రణాళిక ననుసరించి తిరుమలకు మొదటి ఘాటు రోడ్డు 1944లో ఏర్పడినది. రెండవది 1974లో వచ్చినది. మొదటిరోడ్డుకు పూర్వము అందరును నడచియే కొండ నెక్కిరని తలచుట పొరపాటు. నడువలేనివారిలో ధనము గలవారు డోలీలలో నెక్కిరి. వెదురుబొంగునకు కట్టిన ఆసనమున యాత్రికుడు కూర్చుండును. బోయీలు దానిని భుజములపై నెత్తుకొని మెట్లెక్కుదురు. యాత్రికుడు గోవిందనామము పలుకుచుండ, మోయువానికి రొప్పు తప్ప మాట వచ్చెడిది గాదు. ఇంటికి వచ్చిన పిమ్మట మేము కొండ యెక్కితిమని చెప్పుకొన్నవాడు మాత్రము మొదటివాడే. శ్రమయే పుణ్యమైనచో ఆ పుణ్య మెవనికి చెందవలెనో పినతల్లిగారి సూత్రము ననుసరించియే చదువరులు నిర్ణయింపవచ్చును.

నీలగిరులలోను ఇట్లే జరిగినది. పల్లకీలు మోయించుకొని, ఎద్దుల నదలించి దొరలు వేసవి విడుదులకు చేరిన ఆ కొండలపైకి 1899లో కూనూరు వరకును, 1908లో ఉదకమండలము వరకును రైలు వచ్చెను. నలువదియారు కిలోమీటర్ల ఆ మార్గము మూడువందల చిల్లర మీటర్ల యెత్తునుండి రెండువేల రెండువందల మీటర్ల యెత్తునకు చేరును. నిటారైన భాగమున ఇంచుమించు పండ్రెండడుగుల దూరమునకు ఒక అడుగు చొప్పున పైకి లేచును. అంతటి వాలున నున్నని చక్రములు జారును గనుక, పట్టాల నడుమ పండ్లుగల ఇనుపకమ్మిని పరచి, ఇంజనుక్రింది పంటిచక్రము దానిని పట్టుకొని యెక్కునట్లు చేసిరి. ఒక మనుష్యుడు మరియొక మనుష్యుని మోయు పనిని ఆ యినుపపండ్లు తమమీద వేసికొన్నవి.

కావున రోడ్డును రైలును కేవలము సోమరితనమునకు చిహ్నములని నిందించుట న్యాయము గాదు. ఇంతవరకు తీర్పు అన్నకుమారుని పక్షమున వచ్చినది. మేమును ఆ మాటయే చెప్పి వివాదము ముగింపదలచితిమి. కాని తిరుమలకు పోకముందే, శీతకాలమున అరకు చూచివచ్చుటకు సకుటుంబముగా బయలుదేరితిమి. అచట మా తీర్పు చాలదని తెలిసికొంటిమి.

విశాఖపట్టణమునుండి అరకునకు పోవు రైలుమార్గము యాత్రికులకొరకు పుట్టినది గాదు. బైలడిల్లా గనుల యినుపరాయి సముద్రతీరమునకు చేరి, ఓడ లెక్కి జపానునకు పోవుటకై 1960వ దశకమున దానిని నిర్మించిరి. ఏబదికి పైగా సొరంగములు, లోయలపై వంతెనలు, సుమారు 996 మీటర్ల యెత్తున శిమిలిగూడ స్టేషను. పెద్దపట్టాల మార్గములలో దేశమున కెల్ల నెత్తైన స్టేషనని దానికి చిరకాలము పేరుండెను. 2017లో ఈ మార్గమున గాజుకప్పు గల పెట్టెను తగిలించిరి. దానిలో కూర్చున్నవారికి తల యెత్తిన ఆకసము, తల త్రిప్పిన లోయ కనబడును. పోవునపుడు మేము రైలులో పోతిమి. సొరంగము వచ్చిన ప్రతిసారియు పిల్లలు కేకలు వేసిరి. పినతల్లిగారు లెక్కపెట్టుచు, లెక్క తప్పి, మరల మొదలు పెట్టుచు నుండిరి.

మరలి వచ్చునపుడు కారులో అనంతగిరి ఘాటు రోడ్డున దిగుచుంటిమి. కాఫీతోటల నడుమ ఒక మలుపుచెంత పది పండ్రెండు వాహనములు నిలిచియున్నవి. లోయ చక్కగా కనబడు తావది. మేమును దిగి చూచుచుండగా, తోటలలోని కాలిబాట వెంట నలుగురు మనుష్యులు పైకి వచ్చిరి. ఇద్దరి భుజములపై ఒక కఱ్ఱ. కఱ్ఱకు కట్టిన దుప్పటి. దుప్పటిలో నొక నిండుచూలాలు. ముందటి రాత్రి నొప్పులు మొదలయ్యెనట. వేకువననే గూడెము విడిచి, ఒక వాగు దాటి, రోడ్డు వరకు మోసికొని వచ్చిరి. రోగుల బండి మలుపున వేచియున్నది. ఆమె నందులో చేర్చి, తలుపు మూసి వెడలిపోయిరి. మోసినవారిలో నొకడు రాతిమీద కూర్చుండి భుజము రుద్దుకొనుచుండెను. చుట్టునున్నవారిలో కొందరు ఫోనులెత్తి ఛాయాచిత్రములు తీసిరి. మాలో నొకరును తీసిరి. మేము వారింపలేదని సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము.

కారు కదలిన చాలసేపటికి పినతల్లిగారు, "ఆ పిల్ల కొండ దిగేందుకు రోడ్డు లేదుగాని, మనము చూసేందుకు ఉన్నదా?" అని యడిగిరి. ఎవ్వరమును బదులు చెప్పలేదు.

మన్యపు గూడెములలో గర్భిణులను, రోగులను డోలీలలో మోసికొనివచ్చుట పత్రికలు చదువువారికి క్రొత్తవార్త గాదు. తిరుమలలో యాత్రికుని క్రిందికి దింపిన డోలీ లోకమునుండియే పోయినదని మేము భ్రమించితిమి. విహారమునకు పోవు మనలను మోయుటకు యంత్రములున్నవి. ప్రాణసంకటమున నున్న కొండవాసిని మోయుటకు నేటికిని భుజములే గతి.

ఈ రోడ్లను నిర్మించిన దెవరో కూడ తలచుకొనవలెను. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజుగారి నాయకత్వమున మన్యపు తిరుగుబాటు చెలరేగుటకు గల కారణములలో, గూడెము ప్రాంతపు ఘాటు రోడ్ల పనికి కొండవారిని బలవంతముగా పిలిపించి, సరియైన కూలి యీయక చాకిరి చేయించుట ముఖ్యమైనది. తమకొరకు గాని రోడ్లకు వారు రాళ్లు మోసిరి. ఆ వీరుని పేర 2022లో జిల్లా యేర్పడినది. అరకు, అనంతగిరి ఆ జిల్లాలోనివే. పేరు పెట్టుట మంచిపనియే. ఆయన యే చాకిరిని చూచి కోపించెనో ఆ కోపమును గూడ మనము వారసత్వముగా స్వీకరింపవలదా?

ఇందుకు రెండాక్షేపణలు వినవచ్చును. ముప్పదియిండ్ల గూడెమునకు రోడ్డు వేయుట దండుగ యని కొందరందురు. ఒక్క బంగళాకొరకు కొండపైకి బాటలు వేసిన కాలమును మనమెరుగుదుము. మదనపల్లె సమీపముననున్న ఏనుగు మల్లమ్మ కొండపై 1870 ప్రాంతమున కడప కలెక్టరు హార్స్లీదొర వేసవి విడిది కట్టుకొనెను. నేడు దాని నందరును హార్స్లీ కొండ యనియే పిలుచుచున్నారు. ఒక్కని చల్లగాలికి బాటయు పేరును సమకూడినపుడు, ముప్పదియిండ్ల ప్రసవములకు లెక్కలు కట్టుట తగునా? రోడ్డు వచ్చిన అడవి చెడును, వడ్డీవ్యాపారి వచ్చునని మరికొందరందురు. ఈ మాట సత్యదూరము గాదు. అందుచేతనే ఎంత వెడల్పు వేయవలెనో, ఎటు వేయవలెనో గూడెమువారి నడిగి వేయవలెను. కొన్నిచోట్ల వాగుపై చిన్నవంతెన చాలును. కాని అడవి చెడునను భయము వారి బాట దగ్గర మాత్రమే కలిగి, మన విడుదుల దగ్గర కలుగకపోయినచో, దానిని అడవిమీది ప్రేమ యని చెప్పజాలము.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. కొండకు బస్సులో పోయిన పుణ్యము తరుగునా? తరుగదని మా అభిప్రాయము. అయితే ఋణము మాత్రము పెరుగును. నడచినవాడు తన దేహమునకు ఋణపడును. వాహనమున పోయినవాడు రాయి కొట్టినవానికిని, సొరంగము త్రవ్వినవానికిని, ఆ కొండమీద పుట్టి పెరిగినవానికిని ఋణపడును. ఆ ఋణము తీర్చుకొను మార్గములు గృహస్థులకు అందనివి గావు. విహారమునకు పోయినచోట గూడెమున కేమి లోపమో విచారింపవచ్చును. ఓటడుగ వచ్చినవారిని ఆ వంతెన సంగతి యడుగవచ్చును. మోసి యలసినవానిని చూచినపుడు ఫోనును క్రిందికి దింపవచ్చును.

పినతల్లిగారు ఈ సంవత్సరము తిరుమలకు బస్సులోనే వచ్చిరి. దర్శనము చేసికొని, క్షేమముగా నేరేడ్‌మెట్ చేరిరి. ఇరుగుపొరుగువారు వచ్చి, "కొండ యెక్కి వచ్చినవా, అక్కా?" అని యడిగినప్పుడు, వారు కొంచె మాలోచించి, "లేదమ్మా, నన్ను తీసుకపోయిన్రు" అని చెప్పుచున్నారు.