తన గడ్డం తాను గీసుకొనేవాడు

మెడను ఇంకొకరి కత్తికి ఒప్పగించి కన్నులు మూసుకొని కూర్చోవడం మన దేశంలో అనాదిగా జరుగుతూ వచ్చిన పని. రాజైనా రైతైనా ఆ కాసేపు చేసేది అదే. శత్రువు కత్తిని దూరాన చూసి బెదిరేవాడు క్షురకుని కత్తికింద కునుకు తీస్తాడు. ఈ నమ్మకం ఎక్కడినుండి వచ్చినదని అడిగినవారు తక్కువ. క్షురకుడు ఊరివాడు, అతని తండ్రి ఇతని తండ్రికి క్షౌరం చేసినవాడు, ఇతని పొలం పండితేనే అతని ఇంట గింజలుంటాయి. మహారాష్ట్ర గ్రామాలలో బలుతేదారులని పేరొందిన పన్నెండు వృత్తులవారిలో క్షురకుడు ఒకడు. కళ్ళంలో అతని వాటా అతనికి కొలిచి ఇచ్చేవారు. తెలుగునాట ఆ వాటాను మేర అన్నారు. తెలుగునాట పెండ్లిలో సన్నాయి అతనిదే, కురుపు కోసి మందు కట్టే చేయి అతనిదే, కాన్పు సమయంలో పిలుపు వెళ్ళేది అతని ఇంటి ఆడవారికే. ఇంతగా అక్కరకు వచ్చినవానికి ఊరు ఇచ్చిన గౌరవం మాత్రం స్వల్పం. క్షౌరం ముగియగానే స్నానం చేయనిదే గడప దాటరాదని నియమం పెట్టుకొన్న ఊరు, ఆ నియమం క్షౌరం చేసినవాని మనసుకు ఎట్లు తోచునో ఆలోచించలేదు.

ఇటువంటి ఏర్పాటులో ఒక మనిషి ఒక ఉదయం లేచి, ఇక తన గడ్డం తానే గీసుకొంటానని నిశ్చయించుకొంటే అతడు చేస్తున్నది ఏమిటి? స్వావలంబనమా? అహంకారమా? ఒక ఋణాన్ని తీర్చివేయడమా, లేక ఎగవేయడమా? ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చును. పరుల సేవను స్వీకరించడంలోను, నిరాకరించడంలోను ఉన్న ధర్మాధర్మాలన్నీ ఈ చిన్న ప్రశ్నలోనే చిక్కుకొని ఉన్నవి.

ఈ కోరిక మన దేశంలో పుట్టినది కాదు. పద్దెనిమిదవ శతాబ్దంలో జాఁ జాక్ పెరే అనే ప్యారిస్ కత్తుల పనివాడు, తన గడ్డం తాను గీసుకోవడం నేర్చుకొనే విద్యను గురించి ఒక గ్రంథమే వ్రాశాడు. కత్తికి కొయ్య కవచం తొడిగి, చర్మంలోనికి దిగకుండ అంచు మాత్రమే బయటికి కనిపించే సాధనాన్ని అతడు చేశాడు. వడ్రంగి చిత్రికను చూసి అతనికి ఆ ఊహ కలిగినదంటారు. అయినా నూరేండ్లకు పైగా కత్తి కత్తిగానే ఉండిపోయినది. దానిని సానరాయిమీద నూరాలి, తోలుపట్టామీద సాగదీయాలి. ఆ నేర్పు అందరికీ పట్టుబడేది కాదు. ఆ చిక్కును విప్పినవాడు కింగ్ క్యాంప్ జిల్లెట్ అనే అమెరికా వర్తకుడు. నూరవలసిన అవసరమే లేకుండ, పదును పోగానే పారవేయదగిన పలుచని ఉక్కురేకును అతడు ఊహించాడు. విలియం నికర్సన్ అనే ఇంజనీరు ఆ ఊహకు ఉక్కు రూపం ఇచ్చాడు. 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడులు మాత్రమే. 1904లో పేటెంటు వచ్చినది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికుల సంచులలోనికి అవి లక్షలకొద్దీ చేరిన తరువాత, యుద్ధంనుండి తిరిగివచ్చిన మగవాడు క్షురకుని దుకాణానికి మునుపటివలె దినదినమూ వెళ్ళలేదు.

ఆ సాధనం పని చేసే తీరు చూడదగినది. రెండు లోహపు రేకుల నడుమ బ్లేడు విల్లువలె వంగి కూర్చుంటుంది. దువ్వెనవంటి అంచును దాటి దాని పదును వెంట్రుకవాసి మాత్రమే బయటికి వస్తుంది. దానికి సేఫ్టీ రేజరని పేరు పెట్టారు గాని, ఆ క్షేమం సగం సాధనంలో ఉన్నది, తక్కిన సగం చేతిలో ఉన్నది. పొడిగా ఉన్న వెంట్రుక మొండిది. నీరు పీల్చుకొంటే మెత్తబడుతుంది. అందుచేత ముందు వేడినీటితో ముఖం తడపాలి. తరువాత కుంచె. దానిని ఇంగ్లండులో బాడ్జరనే జంతువు రోమాలతో చేసేవారు. చవకరకానికి పందివెంట్రుకలు చాలును. గిన్నెలో సబ్బుమీద కుంచెను తిప్పుతూ ఉంటే నురగ పుడుతుంది. నీరు ఎక్కువైతే అది కారిపోతుంది, తక్కువైతే ముఖంమీదనే ఆరిపోతుంది. తొందరపడేవాడు ఈ గిన్నె దగ్గరనే పట్టుబడతాడు. ఇక రేజరును నొక్కరాదు; దాని బరువే చాలును. చర్మానికి ముప్ఫై డిగ్రీల వాలులో దానిని నడిపించాలి. బలం చూపించినవాడికి దొరికేది నెత్తురే.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. వెంట్రుక ముఖమంతటా ఒకే దిక్కున పెరగదు. చెంపలపై కిందికి దిగుతుంది. మెడ దగ్గర కొందరికి పైకి, కొందరికి పక్కకు తిరుగుతుంది. మొదటిసారి కత్తి నడిపేటప్పుడు ఆ దిక్కునే అనుసరించాలి. తన ముఖాన్ని ముప్ఫై ఏండ్లు అద్దంలో చూసుకొన్నవాడు కూడా ఈ విషయం ఎరుగడు. క్షురకుడు ఎరుగును. మనిషికి తన ముఖంతో పరిచయం మరొకరిద్వారా కలుగుతున్నదని ఒప్పుకోవడానికి అభిమానం అడ్డువస్తుంది గాని, మాట నిజమే.

గాంధీజీ ఆత్మకథలో ఈ విషయానికి సంబంధించిన రెండు ఘట్టాలున్నవి. ఇంటికి క్షురకుడు వచ్చిన దినాలలో తప్ప అద్దం చూసుకోవడం స్వదేశంలో తనకు భోగంవంటిదని, లండనులో మాత్రం పెద్ద అద్దం ముందు టై కట్టుకొంటూ, తల దువ్వుకొంటూ దినమూ పది నిమిషాలు వృథా చేశానని ఆయన చెప్పుకొన్నాడు. స్వయంగా గడ్డం గీసుకోవడం ఆయన నేర్చుకొన్నది ఇంగ్లండులోనే. రెండవ ఘట్టం దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో జరిగినది. అక్కడ ఒక ఆంగ్లేయ క్షురకుడు ఆయన తల కత్తిరించడానికి తిరస్కారంతో నిరాకరించాడు. ఆయన వెంటనే కత్తిరించే యంత్రం ఒకటి కొనుక్కొని అద్దం ముందు కూర్చున్నాడు. ముందుభాగం ఒకవిధంగా కుదిరినది, వెనుకభాగం పాడైనది. కోర్టులో మిత్రులు చూసి నవ్వారు. గడ్డం గీసుకోవడం నేర్చినంత మాత్రాన తల కత్తిరించుకోవడం రాదు. తన ముఖాన్ని చూడగలిగిన మనిషి తన పెడతలను చూడలేడు. స్వావలంబనానికి శరీరమే ఒక చోట హద్దు గీసిపెట్టినది.

ఆ ఘట్టంలో గొప్పతనం కత్తెర పట్టడంలో లేదు. ఆయన ఆ క్షురకుని నిందించలేదు. నల్లవారికి సేవ చేస్తే తెల్లవారు తన దుకాణానికి రావడం మానుకొంటారనే భయం అతనికి ఉన్నదని గ్రహించాడు. మన దేశంలో మన క్షురకులను అస్పృశ్యులకు సేవ చేయనిస్తున్నామా అని తన్ను తాను ప్రశ్నించుకొన్నాడు. అవమానం పొందినవాడు ఆ అవమానంలో తన వాటా ఎంత అని లెక్క చూసుకోవడం అరుదైన విషయం.

ఆ ప్రశ్నకు సమాధానం 1901 ప్రాంతపు సాతారాలోని ఒక ఇంట ఉన్నది. డాక్టర్ అంబేడ్కర్ తన బాల్యాన్ని గురించి 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో వ్రాసిన పుటలలో ఈ సంగతి తెలిపాడు. సాతారాలో క్షురకులు లేకపోలేదు. వారికి ఇవ్వడానికి ఆ కుటుంబంవద్ద డబ్బు లేకపోలేదు. కాని అస్పృశ్యుని తలను ముట్టే క్షురకుడు లేడు. అందుచేత ఆ ఇంటి మగపిల్లల క్షౌరం వారి పెద్దక్క చేసేది; చేసి చేసి ఆ పనిలో ఆమె ఆరితేరినది. ఒక ఆడపిల్ల తమ్ముని తల వంచి కత్తి నడిపేటప్పుడు ఆ చేతిలో ఎంత ప్రేమ ఉన్నా, ఆ ప్రేమ చుట్టూ ఎంత అన్యాయం ఉన్నదో ఆ తమ్ముడు మరువలేదు. ఇక్కడ స్వావలంబనమనే మాట వాడడానికి నోరు రాదు. అద్దం ముందు నిలిచి తన గడ్డం తాను గీసుకొనే బారిస్టరు ఒక దారిని ఎన్నుకొన్నాడు. ఈ ఇంటికి ఎన్నుకొనడానికి రెండవ దారి లేదు. పని ఒకటే. ఒకచోట అది స్వేచ్ఛ, మరొకచోట వెలి. కనుక 'ఎవరి పని వారే చేసుకోవాలి' అనే సూక్తిని ఉపదేశించేవారు ముందుగా ఆ వినేవానికి ఇంకొక తలుపు తెరచి ఉన్నదా లేదా అని విచారించడం మంచిది.

1948 నవంబరులో రాజ్యాంగసభలో 'దుకాణం' అనే మాటకు అర్థమేమిటని చర్చ వచ్చినప్పుడు, సేవను కోరి వచ్చిన ఎవరికైనా సేవ చేయడానికి సిద్ధపడి కూర్చున్న చోటెల్లా దుకాణమే అని అంబేడ్కర్ వివరించాడు. తమ్ముని తల అక్క కత్తిరించిన ఇంటినుండి వచ్చినవాడు ఆ అర్థం చెప్పడంలో ఔచిత్యం ఉన్నది. 1955 నాటి చట్టం అస్పృశ్యతను కారణంగా చూపి సేవ నిరాకరించడాన్ని నేరం చేసినది. అయినా తల కత్తిరించడానికి నిరాకరించారనే వార్తలు పత్రికలలో నేటికీ కనిపిస్తూనే ఉన్నవి.

అయితే సేవను నిరాకరించడం అన్ని వేళలా తప్పేనా? 1890లో బొంబాయి క్షురకులు, నారాయణ మేఘాజీ లోఖండే మొదలైన సత్యశోధక సమాజంవారి ప్రోత్సాహంతో, వితంతువుల తలలు గొరగబోమని నిశ్చయించుకొన్నారు. భర్త చనిపోయిన పడతిని, ఒక్కొక్కప్పుడు పన్నెండేండ్ల పసిదానిని, కూర్చోబెట్టి జుట్టు తీసివేయమని పిలిచేది ఆమె ఇంటివారే, పురోహితులే. కత్తి పట్టవలసినవాడు మాత్రం క్షురకుడు. అతడు ఆమె కన్నీరు చూసినవాడు. ఇక ఆ పాపం తమ చేతులతో జరగదని వారన్నారు. శాస్త్రం చదివినవారు తేల్చలేని ప్రశ్నను కత్తి పట్టినవారు తేల్చారు.

ప్రిటోరియాలోని క్షురకుడు నిరాకరించాడు, సాతారాలోనివారు నిరాకరించారు, బొంబాయిలోనివారూ నిరాకరించారు. మూడింటినీ ఒక గాటన కట్టలేము. మొదటి ఇద్దరు నిరాకరించినది మనిషిని. ఆ పని ఇంకొకరికి వారు సంతోషంగా చేసేవారే. బొంబాయివారు నిరాకరించినది పనిని. ఆ తల ఎవరిదైనా వారి సమాధానం అదే. ఇంకొక భేదం కూడా ఉన్నది. మొదటివారు నిరాకరించి తమ రాబడిని కాపాడుకొన్నారు, బొంబాయివారు నిరాకరించి దానిని కొంత వదులుకొన్నారు. నిరాకరణ ధర్మమా కాదా అని తెలుసుకోవడానికి, దాని ఖర్చు ఎవరి సంచిలోనుండి పోతున్నదో చూడడం మంచి గురుతు. అన్ని సందర్భాలలోను ఇది చాలదని అనేవారుండవచ్చును. కాని ఇంతకంటె మంచి గురుతు సులభంగా దొరకదు.

సేవ పొందేవాని అహంకారం మాట మిగిలి ఉన్నది. బౌద్ధుల వినయపిటకంలో ఒక కథ ఉన్నది. ఆనందుడు, అనిరుద్ధుడు మొదలైన శాక్య కుమారులు సన్యసించడానికి బయలుదేరినప్పుడు వారి క్షురకుడు ఉపాలి వారి వెంట ఉన్నాడు. నగలన్నీ అతనికి ఇచ్చి ఇంటికి పొమ్మన్నారు. అతడు వాటిని చెట్టుకు తగిలించి తానూ వెనుక వచ్చాడు. అప్పుడు ఆ కుమారులు బుద్ధునితో తమకంటె ముందు ఉపాలికి దీక్ష ఇవ్వవలసినదని కోరారు. ముందు దీక్ష పొందినవానికి తరువాతివారు మొక్కాలి. తమ వంశగర్వం అట్లు గాని అణగదని వారు గ్రహించారు. తరువాత రాజగృహంలో మొదటి సంగీతి జరిగినప్పుడు సంఘనియమాలన్నీ చెప్పినవాడు ఉపాలియే. భిక్షువు వెంట ఉంచుకొనదగిన ఎనిమిది వస్తువులలో మంగలికత్తి ఒకటి. జైనమునులు దానిని కూడా వదిలారు. చేతివ్రేళ్ళతో తమ కేశాలను తామే పెరికివేసుకొంటారు. పరుల చేతికి గాని, ఇనుముకు గాని ఋణపడరాదంటే ఎంత వేదన ఓర్చుకోవాలో వారిని చూస్తే తెలుస్తుంది. గృహస్థుడు అద్దం ముందు నిలిచి ఎవరికీ ఋణపడలేదనుకొనడం వేరు సంగతి. అతని బ్లేడు చేసిన కార్మికుడు, అతని కుంచెకు వెంట్రుకలు ఇచ్చిన పంది అతనికి కనబడవు, అంతే. ముఖం ఎరిగినవాని ఋణాన్ని వదిలి, ముఖం ఎరుగనివాని ఋణంలోనికి అతడు వెళ్ళాడు.

జిల్లెట్ జీవితంలోనే ఈ వైపరీత్యం ఉన్నది. 1894లో అతడు ఒక పుస్తకం వ్రాశాడు. పోటీ అనేదే సమస్త దోషాలకు మూలమని, ప్రజలందరూ నయాగరా సమీపంలో జలపాతపు విద్యుత్తుతో నడిచే ఒక మహానగరంలో కలిసి జీవించాలని అందులో వాదించాడు. మనుషులను ఒకచోట చేర్చాలని కలగన్నవాడు, ప్రతివానిని తన స్నానాలగదిలో ఒంటరిని చేసే వస్తువును లోకానికి ఇచ్చాడు. పాడైన బ్లేడులను ఎక్కడ వేయాలో తెలియక అమెరికాలో ఇండ్ల గోడలలోనే చీలికలు పెట్టి లోపలికి జారవిడిచేవారు. మన దేశంలో పాతబ్లేడు అంత సులభంగా చావలేదు. దర్జీవద్ద దారం తెంపినది, బడిపిల్లవాని పెన్సిలు చెక్కినది, ఇల్లాలి గోళ్ళు తీసినది. ఇప్పుడు ప్లాస్టిక్ పిడితో సహా పారవేసే రేజర్లు వచ్చినవి. వాటికి ఆ రెండవ జన్మ లేదు.

కాని ఆ బ్లేడుకు మన దేశంలో జిల్లెట్ ఊహించని గతి ఒకటి పట్టినది. రక్తంద్వారా వ్యాపించే రోగాల భయం పెరిగిన తరువాత, ఒకే కత్తితో పదిమందికి గీయడం ప్రమాదమని జనులకు తెలిసివచ్చినది. క్షురకుని అక్కర లేకుండ చేయడానికి పుట్టిన బ్లేడు, అందుచేత, క్షురకుని చేతిలోనికే వచ్చి చేరినది. నేటి సెలూనులో కుర్చీలో కూర్చున్నవానికి ఎదురుగా అతడు కొత్త బ్లేడు తీస్తాడు. కాగితం విప్పకుండానే దానిని నిలువునా రెండుగా విరుస్తాడు. ఒక సగాన్ని కత్తిపిడిలో అమర్చి, రెండవ సగాన్ని కాగితంలోనే ఉంచి, అది కుర్చీలోనివానికి కనబడేటట్లు బల్లమీద పెడతాడు. ఆ చూపడంలో ఒక మాట ఇవ్వడం ఉన్నది. కుర్చీలోనివాడు ఆ కాగితంవైపు ఒకసారి చూసి, మెడ వెనుకకు వాల్చి, కన్నులు మూసుకొంటాడు.