పాలివారా, కంబారులా?

మఠవాసుల జీవితంలో గృహస్థులు పాలుపంచుకోవచ్చునా? పైకి ఇది కతోలికులకు మాత్రమే సంబంధించిన ప్రశ్నలా ఉంటుంది. మన కొండ ఊళ్లలో ఆ మతంలో ఉన్నవారూ ఉన్నారు, లేనివారూ ఉన్నారు. అయినా దీని అడుగున ఉన్న ప్రశ్న అందరిదీ. ఒక సమూహంలో మనిషి ఎప్పుడు పాలివాడవుతాడు?

ముందు కొంచెం చరిత్ర చూద్దాం. నేటి ఫ్రాన్సులో ఉన్న అనెసీ పట్టణం నుంచి పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు 1846లో విశాఖపట్నం చేరారు. 1849లో అదే పట్టణం నుంచి పునీత జోజప్ప సభ సిస్టర్లు తెలుగు తీరానికి వచ్చారు. 1993లో శ్రీకాకుళం మేత్రాసనం ఏర్పడింది. గురువులు, సిస్టర్లు ఎప్పుడూ కొద్దిమందే. ఊరూరా ప్రార్థన చెప్పించి, పిల్లలకు జపాలు నేర్పి, రోగి పక్కన కూర్చున్నది ఉపదేశులు. వారు ఆలుబిడ్డలున్న గృహస్థులు. మఠం పేరు రికార్డుల్లో ఉంటుంది, ఉపదేశి పేరు ఊరి ముసలివాళ్ల నోట మాత్రమే మిగులుతుంది.

ఆ గురువుల సభకు పేరిచ్చిన ఫ్రాన్సిస్ డి సేల్స్ 1609లో ఒక పుస్తకం ప్రచురించాడు. భక్తి జీవితం మఠం గోడల లోపలివారి సొత్తు కాదనీ, సైనికుడికీ పనివాడికీ పెళ్లయిన ఆడమనిషికీ ఎవరి బతుకులో వారికి అది సాధ్యమనీ అందులో చెప్పాడు. అంతకు చాలా ముందే, 1221 నాటికి, అస్సీసి ఫ్రాన్సిస్ బాటలో నడవాలనుకున్న గృహస్థులకు ప్రత్యేక నియమావళి ఉంది. రెండవ వాటికన్ మహాసభ 1964లో పవిత్రతకు పిలుపు అందరికీ ఉందని ప్రకటించింది. 1996లో రెండవ జాన్ పాల్ పోపు మఠ సభల ఆత్మీయతలోనూ సేవలోనూ గృహస్థులు పాలుపంచుకోవడాన్ని మెచ్చుకుంటూ రాశాడు. కాబట్టి రాతలో ఈ ప్రశ్నకు జవాబు ఎప్పుడో వచ్చింది. చేతలో ఏమిటన్నదే ఇంకా తేలవలసి ఉంది.

మన వైపు రెండు మాటలున్నాయి: పాలివాడు, కంబారి. కంబారి తెల్లారకముందే ఇంటికి వస్తాడు. పశువుల కొట్టం, పొలం, గాదె అన్నీ అతనికి తెలుసు. ఆ ఇంటి కూడే తింటాడు. అయినా పొలం అమ్మేటప్పుడు అతన్ని ఎవరూ అడగరు. పాలివాడు ఏడాదికి ఒకసారి వచ్చినా సరే, అతన్ని అడగకుండా గట్టు కదపరు. ఒక ఇంట్లో ఎంతసేపు ఉన్నాడు, ఎంత చాకిరీ చేశాడు అన్నది పాలును తేల్చదు. అతని మాటకు ఉన్న విలువే తేలుస్తుంది.

ఈ కొలతతో చూడండి. మఠం నడిపే బడిలో పంతులు, హాస్టల్లో వంటమనిషి, ఆసుపత్రిలో ఆయా — వీరంతా ఆ జీవితానికి దగ్గరగా ఉన్నవారే. కాని పనికి పిలిచి, ప్రార్థనకు పిలవకపోతే? ప్రార్థనకు పిలిచి, ఆలోచనకు పిలవకపోతే? అప్పుడు వారు కంబారులే. ఇది మఠాలకు మాత్రమే వర్తించే మాట కాదు. షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు అధికారమిచ్చిన పెసా చట్టం కూడా 1996లోనే వచ్చింది. తీర్మానం ముందే రాసి తెచ్చి వేలిముద్ర అడిగితే అది గ్రామసభ కాదు. సంఘం, పార్టీ, స్వచ్ఛంద సంస్థ, అన్నింటినీ ఇదే కొలతతో కొలవాలి.

ఒక అభ్యంతరం ఉంది. మఠవాసులు పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలు పట్టారు. ఆ బరువు మొయ్యనివారికి సమాన పాలు ఎలా వస్తుంది? ఇది కొట్టెయ్యదగ్గ మాట కాదు. గృహస్థుడు మఠవాసి కాలేడు, కానక్కరలేదు కూడా. అయితే బిడ్డ జ్వరానికి రాత్రంతా మేలుకున్న తల్లిదీ, అప్పు తీరేదాకా వలసపోయిన తండ్రిదీ కూడా వ్రతమే. సవర ఊళ్లలో ఇళ్లు వరసగా, గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ప్రతి ఇంటికీ తన పొయ్యి, తన గుమ్మం ఉన్నాయి, గోడ మాత్రం ఇద్దరిదీ. మఠానికీ గృహస్థుకూ పొత్తు అలా ఉంటే చాలు.

పాలు ఒకవైపు నుంచే ఉంటే అది దానం. గృహస్థులు మఠం జీవితంలోకి వెళ్లినట్టే, మఠం కూడా మన జీవితంలోకి రావాలి. గిడుగు రామమూర్తి గారు మతబోధకుడు కారు, పర్లాకిమిడిలో పంతులు. ఆయన సవరల దగ్గర సవర నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. నేర్పేముందు నేర్చుకోవడం ఆయన పద్ధతి. మన మధ్య ఉండే ఏ సంస్థనైనా మనం ఇంతే అడుగుతాం: మా భాషలో మా దుఃఖం వినండి, మా కొత్తల పండుగ ఎందుకు చేస్తామో తెలుసుకోండి.

యువతీ యువకులారా, మీరు ఏ సంస్థలో చేరినా మంచిదే. చేరిన తర్వాత ఒక మాట అడగండి: ఇక్కడ లెక్కలు మాకు చూపిస్తారా, నిర్ణయాలకు ముందు మమ్మల్ని పిలుస్తారా? ఉపాధ్యాయులారా, మీ తరగతిలో పిల్లలు ఇదే ప్రశ్న మిమ్మల్ని అడిగితే కోపగించుకోకండి. ఆ పిల్లలు పాలివారు కావడం మొదలుపెట్టారన్నమాట.