కంచె దాటిన నీరు ఎవరిది?

ధ్యానభాగము: యెహెజ్కేలు 34:17–22

ఈ మాసము మురుగునీటిని గూర్చి వ్రాయుచున్నాను. దైవధ్యానమునకు ఇది తగిన అంశమా అని ముక్కు మూసికొనువారు ముందుగా ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో 12 మొదలు 14 వరకు గల వచనములు చదువుకొందురు గాక. ఇశ్రాయేలీయులు నేడొక చోట, రేపొక చోట డేరాలు వేసికొనుచుండిన ప్రజలు. అట్టివారికి సహితము దేవుడు పాళెము వెలుపల ఒక చోటు ఏర్పరచుకొని, త్రవ్వి, మలమును మన్నుతో కప్పవలెనని ఆజ్ఞాపించెను. తాను వారి పాళెములో సంచరించుచున్నాడు గనుక అని కారణము కూడ సెలవిచ్చెను.

భద్రాచలమునకు ఆవల, అడవి అంచున ఉన్న మా చిన్న సంఘము సువార్తికుని నివాసము కొరకు ఒక ఇనుప కంటైనరు గదిని కొన్నది. రోడ్డు పనివారు లారీమీద ఊరూర త్రిప్పి వాడిన పాత గది. దానిని దిమ్మెలమీద నిలిపితిమి. స్నానపు గది, మరుగుదొడ్డి లోపలనే యున్నవి. నెల తిరుగకమునుపే దుర్వాసన పట్టుకొన్నది. మరుగుదొడ్డిలో బకెట్టు నీళ్లు కుమ్మరించినప్పుడెల్ల ప్రక్కనున్న స్నానపుగది తూము గుడగుడలాడెడిది. ఫినాయిలు పోసితిమి. ప్రార్థన కూడ చేసితిమని చెప్పుటకు సిగ్గుపడను.

చివరకు ఒక మేస్త్రీ గది అడుగున దూరి చూచెను. గొట్టము నడుమ కుంగి, పొట్టవలె జారి, అందులో మురుగు నిలిచియున్నది. అంతేకాదు. “అయ్యగారూ, నీళ్లు దిగాలంటే వెనకమాల గాలి రావాలె. దీనికి గాలి తోవ లేదు” అనెను. తూము క్రింది వంపులో నిలుచు కొద్దిపాటి నీరే దుర్వాయువునకు అడ్డు. పెద్ద గొట్టములో నీరు ఒక్కుమ్మడిగా జారునప్పుడు తన వెంట గాలిని లాగికొనును. పైనుండి గాలి అందనియెడల ఆ వంపులోని నీటినే పీల్చివేయును. అప్పుడు అడ్డు పోయి, లోపలి గబ్బు ఇంటిలోనికి వచ్చును. అతడు అడుగుకు పావు అంగుళము వాలు వచ్చునట్లు గొట్టమును పట్టీలతో బిగించెను. మరియొక గొట్టమును కప్పు మీదికి ఎత్తి, మూతికి దోమలు చొరకుండ జాలి కట్టెను. ఒక్కదినపు పని. ఇల్లు శుభ్రమాయెను, అందరమును సంతోషించితిమి.

చిక్కు అక్కడనే మొదలాయెను. గొట్టము మూసికొనియున్నంతకాలము మురుగు మా క్రిందనే నిలిచెడిది. ఇప్పుడు చక్కగా పారి, కంచె దాటి, ఒక కోయ విధవరాలు ఇప్పపువ్వు ఆరబోసికొను వాకిటిలో చేరెను. ఆమె చాపను ఒకసారి ఇవతలికి, ఒకసారి అవతలికి జరుపుకొనుట సువార్తికుని భార్య చూచి మాకు చెప్పెను.

సంఘపు కమిటీలో ఒక పెద్ద, “మన హద్దు కంచెవరకే. నీరు పల్లమెరుగును, పల్లము దేవుడు చేసినదే గదా” అనెను. ఆ సామెతకు రెండవ సగము కూడ ఉన్నదని నాకు తోచెను. పల్లము దేవుడు చేసెను గాని గొట్టము మనము వేసితిమి. నిర్గమకాండము 21:33–34లో గొయ్యి త్రవ్వి కప్పక విడిచినవాడు అందులో పడిన పశువునకు నష్టము అచ్చుకొనవలెనని యున్నది. పశువును అతడు త్రోసెనా అని ధర్మశాస్త్రము అడుగనే లేదు.

మరియొకరు, “ఆమె ఫిర్యాదు చేయలేదే” అనిరి. యెహెజ్కేలు గ్రంథములో బలిసిన గొఱ్ఱెలు తాము త్రాగి, మిగిలిన నీటిని కాళ్లతో కలక చేయగా, చిక్కిపోయినవి ఆ కలకనీటినే త్రాగినవి. అవి నోరు తెరచి మొరపెట్టినట్లు అక్కడ లేదు. చూచినవాడు కాపరి.

హద్దులు నీటిని ఎంతవరకు ఆపునో భద్రాచలమువారు ఎరుగుదురు. 2022 జూలైలో గోదావరి 71 అడుగులు దాటినది. మూడవ ప్రమాద హెచ్చరికయే 53 అడుగులు. నది లోనికి రాకుండ కరకట్ట తూములు మూయవలెను. మూసినప్పుడు పట్టణపు నీరు బయటికి పోలేక లోపలనే నిలుచును. మోటార్లతో తోడి పోయవలసినదే.

ఇంకొక సంగతి వ్రాయక తప్పదు. ఈ ప్రాంతపు సంఘములలో అనేకుల తాతముత్తాతలు ఊరి మురికిని ఎత్తుటకు కులమునుబట్టి నియమింపబడినవారు. పారవేసినవాడు శుద్ధుడు, ఎత్తినవాడు అశుద్ధుడు అని వారికి చెప్పిరి. అట్టివారి మనుమలమైన మనము మన మురికిని మనకంటె బలహీనురాలి వాకిట విడుచుట ఎట్లు?

సొమ్ము మాట వచ్చెను. కోతపండుగ కానుక గుడి కప్పు కొరకు దాచియుంటిమి. దేవునికిచ్చిన సొమ్మును పాయిఖానా గోతులలో పోయుటయా అని ఒకరు అడిగిరి. అది వెర్రి ప్రశ్న కాదు; కప్పు నిజముగా కురియుచున్నది. నేను కూడ రెండు ఆదివారములు తడబడితిని. తుదకు గోతులకే నిర్ణయమాయెను. బోరింగుకు 40 అడుగుల దూరమున సిమెంటు వరలతో రెండు గోతులు దించితిమి. ఒకటి నిండినప్పుడు దానిని మూసి రెండవదానికి మరల్చవచ్చును. స్నానపు నీటికి వేరుగా రాళ్లు నింపిన ఇంకుడు గుంట త్రవ్వితిమి. మేమే వంతులవారిగా త్రవ్వితిమి. అభ్యంతరము చెప్పిన పెద్దయు పార పట్టెను. గుడి కప్పుమీద ఈ వానకాలమునకు టార్పాలిన్ వేసితిమి.

పని ముగిసిన పిమ్మట ఆమెయొద్దకు వెళ్లి క్షమించుమని అడిగితిమి. ఆమె చాపమీద పువ్వు సర్దుచు, “మీ నీళ్లేనని తెల్సు అయ్యగారూ. మీకు తెల్వదేమో అనుకున్న” అనెను.

మాకు తెలిసి అప్పటికి నెలదినములు దాటినది.