తాళంచెవి ఎవరి చేతిలో?

కొత్త ఇంట్లో దిగినవాళ్ళు మొట్టమొదట చేసే పని తాళం మార్చుకోవడం. ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళు మంచివాళ్ళే కావచ్చు. కానీ వాళ్ళ దగ్గర ఇంకో చెవి ఉండిపోయిందేమో తెలీదు. పనిమనిషికి ఒకటిచ్చి ఉంటారు, ఊరెళ్ళినప్పుడు పక్కింటివాళ్ళకి ఒకటిచ్చి ఉంటారు. ఎన్ని చేతులు మారిందో ఎవరు చెప్పగలరు? అందుకని మారుస్తారు. ఇందులో ఎవరికీ అవమానం లేదు. వెళ్ళినాయన రామారావైనా రహమానైనా తాళం మారుతుంది. జాగ్రత్త అంటే ఇదీ.

మరి అదే ఇంటికి 'టు లెట్' బోర్డు కట్టి, అడగొచ్చినవాడి పేరు విన్నాక 'నిన్ననే ఇచ్చేశామండీ' అంటే? అదీ జాగ్రత్తేనా? బోర్డు మాత్రం ఇంకో నెల అక్కడే వేలాడుతూ ఉంటుంది. జాగ్రత్తకీ అనుమానానికీ మధ్య గీత ఎక్కడ గీయాలి? మేం అడిగే ప్రశ్న ఇదే.

జవాబు కోసం పెద్ద గ్రంథాలు తిరగేయక్కర్లేదు. బజార్లో తాళాలు బాగుచేసేవాడి దగ్గరికి వెళ్తే చాలు. ఓ చిన్న పెట్టె, ఇనుప రింగులకి గుత్తులు గుత్తులుగా పాత చెవులు, రెండు మూడు ఆకురాళ్ళు, ఓ పట్టకారు. ఇంతే దుకాణం. ఆ పెట్టెల వెనక కూచున్నవాళ్ళలో మావాళ్ళు చాలామంది. సిక్కులూ ఉన్నారు, ఇతరులూ ఉన్నారు. చెవి పోయిన తాళానికి కొత్త చెవి చేయాలంటే, గాట్లు లేని చెవిని కన్నంలో పెట్టి అటూ ఇటూ తిప్పుతాడు. బయటికి తీసి వెలుతురుకి పట్టి చూస్తాడు. లోపలి లివర్లు ఒత్తినచోట సన్నటి గుర్తులు పడతాయి. అక్కడ ఆకురాయితో కాస్త రాస్తాడు. మళ్ళీ పెడతాడు, మళ్ళీ తీస్తాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా తాళం కదలదు. తలుపుకి బిగించిన సిలిండర్ తాళమైతే మొత్తం పారేయక్కర్లేదు. సిలిండర్ విప్పి లోపలి చిన్న చిన్న పిన్నులు తీసి వేరే పొడుగువి వేస్తాడు. తలుపు అదే, తాళం అదే. పాత చెవులు మాత్రం ఆ పూటతో పనికిరాకుండా పోతాయి.

ఇంత విద్య చేతిలో ఉన్నవాడు పిలవగానే పరుగెత్తి ఏ తలుపు పడితే ఆ తలుపు తీయడు. పని మర్యాద తెలిసినవాడు ముందు ఒక మాట అడుగుతాడు: "ఇల్లు మీదేనా సాబ్?" కరెంటు బిల్లో, ఆధార్ కార్డో చూపమంటాడు. పక్కింటివాళ్ళని ఓసారి పిలవమంటాడు. కొందరికి కోపం వస్తుంది. కానీ అతను హిందువునీ అదే అడుగుతాడు, ముసల్మానునీ అదే అడుగుతాడు. కారు దిగినవాణ్ణీ అదే అడుగుతాడు. కాగితం చూపిస్తే ఆ ప్రశ్న అక్కడితో అయిపోతుంది.

గీత ఇక్కడుంది. అందర్నీ అడిగేది జాగ్రత్త. పేరు విన్నాక అడిగేది అనుమానం. ఇంకో తేడా కూడా ఉంది. జాగ్రత్తకి ఏదో ఒక జవాబు సరిపోతుంది. అనుమానానికి ఏ జవాబూ చాలదు. రేషన్ కార్డు చూపించాం, ఓటరు కార్డు చూపించాం, ఆధార్ చూపించాం. ఇంకా ఏదో చూపిస్తూనే ఉన్నాం.

మీరనొచ్చు: ఇల్లు మాది, ఎవరికివ్వాలో మా ఇష్టం అని. ఇల్లు మీదే, కాదనం. కానీ ఒకటి ఆలోచించండి. తాళంచెవి పోయిన రోజున మీరు పిలుచుకొచ్చింది మావాణ్ణే కదా! వీధి తలుపే కాదు, బీరువా కూడా అతని చేతే తీయించారు. అందులో నగలుంటాయని అతనికి తెలుసు. అతనికి తెలుసని మీకూ తెలుసు. గంటసేపు మీ ఇంటి గుట్టంతా అతని చేతిలో ఉంది. అప్పుడు పేరు అడ్డు రాలేదు. గంటకి సరిపోయిన నమ్మకం పదకొండు నెలల అగ్రిమెంటుకి ఎందుకు సరిపోదు?

మన దేశంలో తాళం అనగానే గుర్తొచ్చే ఊరు అలీగఢ్. 1870లో జాన్సన్ అండ్ కో అనే ఇంగ్లిషు కంపెనీ అక్కడ దుకాణం పెట్టింది. మొదట ఇంగ్లండు తాళాలు తెచ్చి అమ్మింది, తర్వాత అక్కడే తయారీ మొదలైంది. నూరేళ్ళకి పైగా ఆ ఊరి గల్లీల్లో ముస్లిం, హిందూ కార్మికులు ఇత్తడి పోతపోస్తూ, ఆకురాయి పడుతూ, పాలిష్ దుమ్ము పీలుస్తూ దేశానికి తాళాలు చేసిపెడుతున్నారు. 1990 డిసెంబరులో అలీగఢ్‌లోనూ మా హైదరాబాద్‌లోనూ ఒకే నెలలో మతకల్లోలాలు జరిగాయి, రెండుచోట్లా కర్ఫ్యూ పెట్టారు. తాళాలు చేసేవాడి ఇంటిని ఏ తాళమూ కాపాడలేదు. ఇంటిని నిజంగా కాపాడేది పక్కింటివాడు. ఆ రోజుల్లో తమ ఇళ్ళ తలుపులు తీసి అవతలి మతంవాళ్ళని లోపల దాచినవాళ్ళు రెండు వైపులా ఉన్నారు. మా వాదన వాళ్ళని మరిచిపోయి చేసేది కాదు.

చెవి చేతికివ్వడాన్ని మేం అమానత్ అంటాం. నమ్మి అప్పగించిన సొత్తు అని అర్థం. క్రీ.శ. 630లో మక్కా స్వాధీనమైన రోజున కాబా తాళంచెవిని ప్రవక్త తన బంధువులకి ఇవ్వలేదు. ముందునుంచీ దాన్ని కాపాడుతున్న వంశానికే, ఉస్మాన్ బిన్ తల్హా చేతికే తిరిగి ఇచ్చారు. ఈనాటికీ అది బనీ షైబా వంశం దగ్గరే ఉంది. జెరూసలేంలో క్రీస్తు సమాధి మీద కట్టిన చర్చి ఉంది. అందులో హక్కులున్న క్రైస్తవ శాఖలు చాలా ఉన్నాయి. దాని తాళంచెవి మాత్రం వందల ఏళ్ళుగా ఒక ముస్లిం కుటుంబం చేతిలో ఉంది. తలుపు తీసేది ఇంకో ముస్లిం కుటుంబం. వేరే మతంవాడి చేతిలో చెవి ఉంటే ఇంటి పవిత్రత పోతుందనేవాళ్ళు ఆ చర్చిని చూడాలి.

ఈ కొలత మాకూ వర్తించాలి. దూదేకుల కుటుంబం అద్దెకి వస్తే వంక వెతికేవాళ్ళు మాలోనూ ఉన్నారు. పేరు విని తలుపు వేస్తే ఎవరు వేసినా అది అదే పని. ఇంట్లో ఆడవాళ్ళని లోపలుంచి చెవి తన కొంగున కట్టుకున్న అత్తగారో, తన జేబులో వేసుకున్న మొగుడో దానికి జాగ్రత్త అని పేరు పెడితే, అదీ ఒప్పుకోం.

మమ్మల్ని నమ్మండి అని బతిమాలడం లేదు. నమ్మకం బతిమాలితే వచ్చేది కాదు. అందర్నీ అడిగే అడ్వాన్సే మమ్మల్నీ అడగండి. అందరి దగ్గరా తీసుకునే కాగితాలే మా దగ్గరా తీసుకోండి. మేం ఖాళీ చేశాక తాళం మార్చుకోండి, ఏమీ అనుకోం. ముందు మాత్రం పేరు అడగకుండా ఇల్లు చూపించండి.